చిన్న విమానానికి చేతి జి.పి.ఎస్. – ఎన్నుకునే పద్ధతి

ప్రయాణికునికి మొట్టమొదట తెలియవలసినది తానున్న చోటు. పోవలసిన ఊరు తెలిసినా, ఉన్న చోటు తెలియనివానికి ఏ దారీ దారి కాదు. నేల మీద దారి తప్పినవాడు ఒక చెట్టు కింద నిలబడి వచ్చేపోయేవారిని అడుగవచ్చును. తీరప్రాంతంలో దారి తప్పిన పడవవాడు లంగరు వేసి తెల్లవారేవరకు వేచి వుండవచ్చును. ఆకాశంలో ఎగిరే విమానానికి ఈ రెండు అవకాశాలూ లేవు. అది నిలిస్తే పడిపోతుంది; నిలువక తిరుగుతూ వుంటే ఇంధనం హరించిపోతుంది. అందుచేతనే విమానయానంలో స్థాననిర్ణయం ఒక ప్రత్యేక విద్యగా పెరిగినది.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాలలో ఉద్యోగరీత్యా కాక, కేవలం ఉల్లాసం కోసం చిన్న విమానాలు నడిపేవారు వేలకొద్దీ వున్నారు. రెండు లేక నాలుగు సీట్లు, ఒకే ఇంజను గల ఈ విమానాలలో సుప్రసిద్ధమైనది సెస్నా 172. ఇప్పటివరకు ఇటువంటివి 44,000కు పైగా తయారైనవి. వీటిలో పెద్ద విమానాలలోవలె ఇద్దరు శిక్షితులైన చాలకులు వుండరు. నడిపేవాడే దారి చూచుకోవాలి, రేడియోలో మాట్లాడాలి, ఇంధనం లెక్క కట్టుకోవాలి. అట్టివానికి ఇటీవలి దశాబ్దాలలో గొప్ప సహాయకారిగా వచ్చినది చేతిలో ఇమిడే జి.పి.ఎస్. పరికరం. మన దేశంలో వినోద విమానయానం అంత విరివిగా లేకపోయినా, ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరిన విద్యార్థులు మైక్రోలైట్ విమానాలలో ఎగిరే అనుభవం పొందుతున్నారు. కనుక ఈ విషయం మన కళాశాల పాఠకులకు పూర్తిగా పరాయిది కాదు.

ఏ పరికరం కొనవలెననే ప్రశ్న పైకి అంగడి ప్రశ్నగా కనిపించవచ్చును. లోతుగా చూస్తే అది తర్కశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న. ఒక పరికరం చెప్పిన మాటను ఎంతవరకు నమ్మవచ్చును? అది మూగబోయిన నాడు మన దగ్గర ఏమి మిగులుతుంది? ఈ వ్యాసకర్త వైమానికుడు కాడు, భాషాబోధకుడు. అయినా ప్రమాణాలను గురించిన ఈ ప్రశ్న భాష చదివినవారికీ, విజ్ఞానం చదివినవారికీ సమానమే గనుక ఈ ప్రయత్నం చేయడమైనది.

మూడు ప్రమాణాలు

మన ప్రాచీన తార్కికులు జ్ఞానానికి ఆధారాలుగా ప్రత్యక్షం, అనుమానం, శబ్దం మొదలైన ప్రమాణాలను చెప్పినారు. ఇక్కడ అనుమానమంటే సందేహమని అర్థం కాదు. కనిపించే హేతువును బట్టి కనిపించనిదానిని నిర్ణయించడం. శబ్దమంటే నమ్మదగినవాడు చెప్పిన మాట. చిన్న విమానపు చాలకుడు తానున్న చోటును తెలుసుకొనే పద్ధతులు సరిగా ఈ మూడే.

మొదటిది కిటికీలో నుంచి కిందికి చూచి, నది వంపునూ, రైలుమార్గాన్నీ, చెరువునూ పటంతో పోల్చుకోవడం. ఇది ప్రత్యక్షం. అమెరికాలో ఇందుకు వాడే సెక్షనల్ పటాలు 5,00,000కు ఒకటి చొప్పున కుదించి గీసినవి. రెండవది గడియారం, దిక్సూచి, వేగమాపకం సహాయంతో లెక్క కట్టడం. ఇన్ని నిమిషాలు, ఈ దిక్కుగా, ఇంత వేగంతో వచ్చితిమి గనుక ఇక్కడ వుండవలెనని నిర్ణయించడం. ఇది అనుమానం. దిక్సూచిని ఉర్దూలో కుతుబ్‌నుమా అంటారు. ధ్రువాన్ని చూపేదని దాని అర్థం. అది దిక్కును చూపుతుందే గాని చోటును చూపదు. చోటును లెక్కించుకొనే బాధ్యత మనిషిదే.

ఈ లెక్కలో చిన్న పొరపాటు ఎంత పెద్దదౌతుందో వైమానికులు ఒక సులభసూత్రంతో గుర్తుంచుకుంటారు. దిక్కులో 1 డిగ్రీ తేడా వస్తే, 60 నాటికల్ మైళ్ళు పోయేసరికి 1 నాటికల్ మైలు పక్కకు తొలగుతాము. 5 డిగ్రీల తేడాతో 120 మైళ్ళు పోతే 10 మైళ్ళు తప్పిపోతాము. గాలి సంగతి ఇంతకంటె కఠినం. గంటకు 20 నాటికల్ మైళ్ళ గాలి పక్కనుంచి వీస్తూ వుండగా దానిని లెక్కలోకి తీసుకొనకపోతే, గంట ప్రయాణానికి విమానం దాదాపు 37 కిలోమీటర్లు పక్కకు కొట్టుకొనిపోతుంది.

మూడవ ప్రమాణం శబ్దం, అనగా ఆప్తుని మాట. పూర్వం అది నేలమీది రేడియో కేంద్రాల నుంచి వచ్చేది. నేడు అది ఉపగ్రహాల నుంచి కూడ వస్తున్నది.

ఉపగ్రహాల మాట

జి.పి.ఎస్. అమెరికా సైనికావసరాల కోసం ఏర్పడిన వ్యవస్థ. దాని మొదటి ఉపగ్రహాన్ని 1978లో ప్రయోగించినారు. 1995 నాటికి అది సంపూర్ణ వ్యవస్థగా ప్రకటితమైనది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఈ ఉపగ్రహాలు దాదాపు 12 గంటలకు ఒకసారి భూమిని చుట్టివస్తాయి. ప్రతి ఉపగ్రహంలోనూ పరమాణు గడియారాలున్నవి. 'నేను ఫలానా చోట వున్నాను, ఇప్పుడు సమయం ఇంత' అని అది నిరంతరం రేడియో తరంగాలలో చెబుతూ వుంటుంది. మన చేతిలోని పరికరం ఆ మాట తన దగ్గరకు రావడానికి పట్టిన కాలాన్ని కొలిచి, దానిని కాంతివేగంతో హెచ్చించి దూరం కనుగొంటుంది. మూడు దూరాలు తెలిస్తే చోటు తెలియవలెను. కాని మన పరికరంలోని గడియారం అంత ఖచ్చితమైనది కాదు. సెకండులో పదిలక్షల వంతు తప్పితే 300 మీటర్ల తేడా వస్తుంది. ఆ గడియారపు దోషాన్ని కూడ లెక్కగట్టడానికి నాలుగవ ఉపగ్రహం అవసరమౌతున్నది.

మొదట్లో సామాన్యులకు అందే సంకేతంలో బుద్ధిపూర్వకంగా కొంత దోషాన్ని కలిపేవారు. దానివల్ల సుమారు 100 మీటర్ల వరకు తేడా వుండేది. 2000 మే నెల ప్రారంభంలో అమెరికా ప్రభుత్వం ఆ పద్ధతిని మానివేసినది. నాటినుంచి తెరపి ఆకాశం కింద మంచి పరికరం కొన్ని మీటర్ల లోపలనే చోటును చెప్పగలుగుతున్నది.

ఆకాశంలోని గోడలు

మోటారుకారులో వాడే పరికరాన్నే విమానంలో వాడుకొనరాదా అని కొందరు అడుగవచ్చును. రెండింటికీ ఉపగ్రహాలు ఒక్కటే. తేడా పటంలో వున్నది. కారుకు రోడ్లు కావాలి. విమానానికి కావలసినవి విమానాశ్రయాలు, వాటి రేడియో సంఖ్యలు, కొండల ఎత్తులు, ఎత్తైన స్తంభాలు, అన్నిటినీ మించి గగనతలపు హద్దులు. పెద్ద విమానాశ్రయాల చుట్టూ అనుమతి లేనిదే ప్రవేశించరాని మండలాలు వుంటాయి. అవి కంటికి కనిపించని గోడలు. ప్రత్యక్ష ప్రమాణానికి అవి అందవు.

ఆ గోడలను దాటితే ఏమౌతుందో 2005 మే 11న జరిగిన సంఘటన చూపుతున్నది. 2001 సెప్టెంబరు దాడుల తరువాత వాషింగ్టన్ నగరం చుట్టూ గగనతలంపై కఠినమైన నిబంధనలు విధించినారు. పెన్సిల్వేనియా నుంచి ఉత్తర కరోలినాకు పోతున్న ఒక సెస్నా 150 విమానం దారి తప్పి ఆ హద్దులలోకి ప్రవేశించినది. అందులో వున్నవారు ఇద్దరే. వారిలో ఒకరు ఇంకా శిక్షణలో వున్నవారు. వారికి ఏ దురుద్దేశమూ లేదు. అయినా విమానం శ్వేతసౌధానికి సుమారు 3 మైళ్ళ దూరం వరకు రావడంతో శ్వేతసౌధాన్నీ, శాసనసభా భవనాన్నీ ఖాళీ చేయించినారు. ఎఫ్-16 యుద్ధవిమానాలు ఎదురేగి వెలుగు గుళ్ళు విడిచి హెచ్చరించినవి. చివరకు ఆ విమానాన్ని మేరీలాండులో దింపించినారు. ప్రధాన చాలకుని అనుమతి పత్రం రద్దయినది. దారి తప్పడం ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయానికి ఎంత దగ్గరగా వస్తుందో దీనివల్ల స్పష్టమౌతున్నది.

కనుక వైమానిక పటం గల పరికరాన్నే ఎన్నుకోవాలి. అంతేకాదు, ఆ పటం తాజాగా వుండాలి. ప్రపంచమంతటా వైమానిక సమాచారాన్ని 28 రోజుల కాలచక్రం ప్రకారం సవరిస్తారు. ఈ సవరణలకు చాలా పరికరాలలో సాలుసరి చందా కట్టవలసి వుంటుంది. పరికరం వెలతోపాటు ఈ చందాను కూడ లెక్కించుకొనకుండ కొనేవాడు, ఎరువు ఖర్చు మరచి పొలం కొనేవానివంటివాడు.

ఏ రకం మేలు?

నేడు లభించే సాధనాలను స్థూలంగా మూడు రకాలుగా విభజించవచ్చును. మొదటిది విమానయానం కోసమే తయారైన చేతి పరికరం. గార్మిన్ సంస్థవారి ఏరా శ్రేణి ఇందుకు ఉదాహరణ. రెండవది పలక వంటి టాబ్లెట్ కంప్యూటరు. 2010లో ఐప్యాడ్ వచ్చిన తరువాత వైమానిక పటాల సాఫ్ట్‌వేర్ దానిలో విరివిగా వాడుకలోకి వచ్చినది; అమెరికాలో ఫోర్‌ఫ్లైట్, ఐరోపాలో స్కైడెమన్ అట్టివి. మూడవది మనందరి జేబులోనూ వుండే ఫోను.

టాబ్లెట్‌లో తెర పెద్దది, పటం విశాలంగా కనిపిస్తుంది, ఇతర పనులకు కూడ ఉపకరిస్తుంది. కాని రెండు సంగతులు తెలిసి కొనాలి. వై-ఫై మాత్రమే గల ఐప్యాడ్‌లో జి.పి.ఎస్. రిసీవరే వుండదు, సెల్యులార్ సౌకర్యం గలదానిని కొనాలి, లేదా వేరుగా ఒక రిసీవరును జతచేసుకోవాలి. రెండవది వేడి. 35 డిగ్రీల సెంటిగ్రేడు వరకే దానిని వాడవలెనని తయారీదారు చెబుతున్నారు. అద్దాల గది వంటి విమానపు ముందు భాగంలో ఎండవేళ ఆ హద్దు దాటడం కష్టమేమీ కాదు. అప్పుడు అది తనను తాను కాపాడుకోవడానికి పని ఆపివేస్తుంది. ప్రత్యేక పరికరం తెర చిన్నదైనా ఈ పరిస్థితులను ఊహించి తయారుచేసినది. ఫోను ఈ రెండింటిలో ఏది చెడినా ఆదుకొనే మూడవ సాధనంగా మాత్రమే వుండదగినది.

చట్టాన్ని కూడ గుర్తుంచుకోవాలి. కంటితో నేలను చూస్తూ ఎగిరే పద్ధతిలో చేతి పరికరం సహాయకారిగా వుండవచ్చును. మేఘాలలో, కేవలం పరికరాల ఆధారంతో ఎగిరేటప్పుడు మాత్రం విమానంలో అమర్చబడి, ఆమోదం పొందిన పరికరమే ప్రధానాధారం కావాలి. ఉపగ్రహం తప్పుడు మాట చెబుతున్నదని కనిపెట్టే నిఘా ఏర్పాటు అట్టి పరికరాలలో వుంటుంది. ఆ పరీక్షకు నాలుగు చాలవు, కనీసం ఐదు ఉపగ్రహాలు కనిపించాలి. చేతి పరికరంలో ఆ హామీ వున్నదని భావించరాదు.

పరీక్షించవలసిన గుణాలు

అంగడిలో దీపాల కింద ప్రతి తెరా అందంగానే కనిపిస్తుంది. దానిని మధ్యాహ్నపు ఎండలోకి తీసుకొనిపోయి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని చూడాలి. పోలరాయిడ్ అద్దాల గుండా చూస్తే కొన్ని తెరలు నల్లబడిపోతాయి.

తరువాత చూడవలసినది మీటలు. గాలి కుదుపులలో తాకుడు తెరపై వేలు నిలువదు. వేలికి తగిలే నిజమైన మీటలు కొన్నిటికైనా వుంటే మేలు. ముఖ్యంగా 'సమీప విమానాశ్రయం' చూపే మీట ఎన్ని నొక్కులకు అందుతుందో లెక్కపెట్టాలి. ఇది విలాసం కాదు. ఇంజను ఆగినప్పుడు సెస్నా 172 నేలకు 5,000 అడుగుల ఎత్తున వుంటే, నిశ్చలమైన గాలిలో సుమారు 7 నాటికల్ మైళ్ళు జారుకుంటూ పోగలదు. ఆ కొద్ది నిమిషాలలో నాలుగు పుటలు తిప్పి వెతుక్కొనే వ్యవధి వుండదు.

పరికరం స్వంత బ్యాటరీ మీద ఎంతసేపు పనిచేస్తుందో చూడాలి. విమానపు విద్యుత్తు పోయిన నాడే దాని అసలు విలువ తెలిసేది. దానిని నిలిపే పట్టు గట్టిగా వుండాలి; అది కిటికీని గాని, ఇతర మాపకాలను గాని కప్పరాదు.

ఉపగ్రహాల లెక్కలోని దోషాలను సరిదిద్దే సహాయక వ్యవస్థలను అందుకొనే శక్తి కూడ కోరదగినదే. అమెరికాలో 2003లో వాడుకలోకి వచ్చిన వాస్, మన దేశంలో ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నెలకొల్పిన గగన్ అట్టివి. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్ విమానాశ్రయంలో గగన్ సహాయంతో ఇండిగో సంస్థవారి ఏ.టి.ఆర్. విమానం దిగినది. అది విమానంలో అమర్చిన ఆమోదిత పరికరం ద్వారా జరిగిన అవతరణమే గాని, చేతి పరికరంతో కాదని గమనించవలెను.

పరికరం చెప్పలేని సంగతులు

ఎంత మంచి ఆప్తుడైనా తనకు తెలిసినదే చెప్పగలడు. జి.పి.ఎస్. చూపే వేగం నేలతో పోల్చిన వేగం. విమానాన్ని నిలిపేది గాలితో పోల్చిన వేగం. వెనుకనుంచి 15 నాట్ల గాలి వీస్తూ వుండగా, తెరమీద 60 అని కనిపించేటట్లు వేగం తగ్గించిన చాలకునికి రెక్కలపై లభించే వేగం 45 మాత్రమే. అనేక చిన్న విమానాలు ఆ వేగానికి గాలిపై పట్టు తప్పి పడిపోయే హద్దుకు చేరుతాయి. ఎత్తు విషయమూ ఇంతే. నిలువు కొలతలో జి.పి.ఎస్. దోషం అడ్డు కొలతలో కంటె సాధారణంగా ఎక్కువ. పైగా ఆకాశంలో విమానాలు ఒకదానికొకటి ఎడంగా వుండడానికి గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చెప్పే మాపకాన్నే పాటిస్తాయి. ఒకడు వేరే కొలత పట్టుకుంటే ఆ ఏర్పాటు చెడుతుంది.

నేటి పరికరాలు వర్షమేఘాల చిత్రాలను కూడ చూపుతున్నవి. అవి చాలా ఉపయోగకరమైనవి, చాలా ప్రమాదకరమైనవి కూడ. తెర మీద ఆ చిత్రం వయస్సు ఒకటి రెండు నిమిషాలని వ్రాసి వున్నా, దానిలోని అసలు సమాచారం అంతకంటె 15, 20 నిమిషాలు పాతది కావచ్చునని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2012లో హెచ్చరించినది. అంతసేపటిలో ఉరుముల మేఘం ఎన్నో మైళ్ళు కదులుతుంది. దూరంనుంచి మేఘాన్ని తప్పించుకొని పోవడానికి ఆ చిత్రం పనికివస్తుంది. రెండు మేఘాల నడుమ సందు వెతకడానికి పనికిరాదు.

చివరిది, ఉపగ్రహాల మాట మిక్కిలి సన్నని మాట. అంత దూరంనుంచి వచ్చే ఆ సంకేతాన్ని నేలమీది చిన్న యంత్రం కూడ ముంచివేయగలదు. అమెరికాలో ఒక ఉద్యోగి తన వాహనం ఎక్కడ తిరుగుతున్నదో యజమానికి తెలియకుండ వుండవలెనని ఒక నిషిద్ధ పరికరాన్ని వాహనంలో పెట్టుకొని తిరిగినాడు. అతడు 2012లో న్యూఆర్క్ విమానాశ్రయం దగ్గరకు పోయినప్పుడు అక్కడి జి.పి.ఎస్. ఆధారిత అవతరణ వ్యవస్థకు అంతరాయం కలిగినది. మరుసటి సంవత్సరం అతనికి 31,875 డాలర్ల జరిమానా విధించినారు.

ఎన్నికలో ప్రధాన సూత్రం

జి.పి.ఎస్. సామాన్యుల చేతికి రావడానికి ఒక ఘోర విషాదం కారణమైన సంగతి చాలమందికి తెలియదు. 1983 సెప్టెంబరు 1న ఆంకరేజ్ నుంచి సియోల్‌కు పోతున్న కొరియా ప్రయాణిక విమానం దారి తప్పి సోవియట్ గగనతలంలోకి ప్రవేశించగా దానిని కూల్చివేసినారు. అందులోని 269 మందీ మరణించినారు. ఆ నెలలోనే అమెరికా ప్రభుత్వం, పూర్తి అయిన తరువాత జి.పి.ఎస్.ను ప్రపంచంలోని పౌర విమానాలన్నిటికీ అందజేస్తామని ప్రకటించినది.

ఇక్కడ విద్యార్థులు శ్రద్ధగా గమనించవలసినది ఒకటున్నది. ఆ విమానంలో ఆనాటి శ్రేష్ఠమైన స్థాననిర్ణయ యంత్రాలు లేకపోలేదు. స్వయంచాలక యంత్రం ఆ స్థాననిర్ణయ యంత్రాల ఆజ్ఞను పాటించక, ఒకే దిక్కు పట్టుకొని పోయినదనీ, ఐదు గంటలకు పైగా ఆ సంగతిని చాలకులు గుర్తించలేదనీ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1993 నివేదిక తేల్చినది. లోపించినది యంత్రం కాదు. యంత్రం చేస్తున్న పనిని ఇతర ప్రమాణాలతో సరిచూచుకొనే అలవాటు.

కనుక చేతి జి.పి.ఎస్. కొనేవాడు ఎక్కువ హంగులు గలదానిని కాక, తన చూపును తక్కువసేపు లాక్కొనేదానిని ఎన్నుకోవాలి. ఆకాశంలో ఎదురయ్యే విమానాన్ని కనిపెట్టవలసినది కిటికీ వైపు చూచే కన్ను. ఒక్క చూపులో చోటు చెప్పి, మళ్ళీ కన్నును కిటికీకి పంపే పరికరం మంచిది. ఆటబొమ్మవలె కన్నును తనకే కట్టివేసేది ఎంత ఖరీదైనదైనా మంచిది కాదు. కొన్న తరువాత దానిని నేలమీద, ఇంటివద్ద, కళ్ళు మూసుకొని మీట అందేటంతగా అభ్యసించాలి. ప్రయాణంలో పది, పదిహేను నిమిషాలకొకసారి కిందనున్న నదినో ఊరినో గుర్తుపట్టి, కాలాన్ని కాగితం మీద గుర్తువేసి, తెర చెప్పినదానితో పోల్చాలి. మూడూ ఏకీభవిస్తే నిశ్చింతగా సాగిపోవచ్చును. ఏకీభవించకపోతే ఇంధనం మిగిలి వుండగానే ఆ సంగతి తెలుస్తుంది. సమీపంలోని విమానాశ్రయంలో దిగడానికి అప్పుడింకా వ్యవధి వుంటుంది. పటం, పెన్సిలు, గడియారం విమానంలో ఇంకా ఎందుకని అడిగేవారికి ఇదే సమాధానం.